తాళాల గుత్తి ఇచ్చేశాక

మార్చి లెక్కలు ముగిసి, క్రైస్తవ సంఘాల్లో కొత్త కమిటీలు కూర్చునే రోజులివి. ఈసారి ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బాధ్యత దిగినవాళ్ళు రాసినవే. మిగతావి వాళ్ళ ఇంట్లోవాళ్ళవి, వాళ్ళ స్థానంలోకి వచ్చినవాళ్ళవి. జీతం లేని పని, సెలవు లేని పని, అయినా చేతిలోంచి జారాక ఇల్లంతా వెలితిగా ఉందంటున్నారు. పోలిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పదకొండేళ్ళు సంఘ కార్యదర్శిగా చేశాను. నేనే కోరి దిగాను, ఎవరితోనూ గొడవ లేదు. అయినా ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది. మందిరంలో మైకు గరగరమన్నా, ఫ్యాను తిరగకపోయినా లేచి వెళ్ళబోతున్నాను. ఫోను మోగడం లేదు. విశ్వాసంలో లోపమా ఇది? (పర్లాకిమిడి)

లోపం కాదు, అలవాటు. ఒక కాగితం తీసుకుని వారానికి మీరు సంఘానికి ఇచ్చిన గంటలు రాయండి. ఆదివారం తలుపులు తీసింది మొదలు తాళం వేసేదాకా 7. బుధవారం కూటం 2, శుక్రవారం ఉపవాస ప్రార్థన 3. ఇళ్ళకూ ఆసుపత్రికీ వెళ్ళిరావడం 4. మినిట్సు బుక్కు, ఉత్తరాలు 2. రోజుకు ముప్పావుగంట చొప్పున ఫోన్లు 5 పైమాటే. మొత్తం 23 దాటుతుంది. సగం ఉద్యోగమంత పని ఒక్క ఆదివారంతో ఆగిపోతే ఒంటికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. బైబిల్లో కర్మెలు కొండ మీద అంత పని ముగించుకొచ్చిన ఏలీయా ప్రవక్త ఆ తర్వాత బదరీ చెట్టు కింద చచ్చిపోతే బాగుండునని పడుకున్నాడు. దేవదూత అతనికి ప్రసంగం చెయ్యలేదు. తినడానికి పెట్టి పడుకోనిచ్చాడు, అదీ రెండుసార్లు.

నాలుగింటి మెలకువతో పోట్లాడకండి. లేచి, కాఫీ పెట్టుకుని, నడవడానికి వెళ్ళండి. మధ్యాహ్నం నిద్ర మాత్రం అరగంట దాటనివ్వకండి. దాటితే మర్నాడు మూడింటికే లేస్తారు. మందిరానికి ఆరాధనకు పది నిమిషాల ముందు వెళ్ళండి, గంట ముందు వద్దు. ముందు వెళితే కుర్చీలు సర్దకుండా మీ చేతులు ఊరుకోవు. కూర్చునే చోటు మార్చండి. మైకు పెట్టె, కానుకల బల్ల, మీటర్ల గది కనబడే వైపు కాకుండా, కుటుంబంతో కలిసి మధ్య వరుసలో కూర్చోండి. మైకు గరగరమంటే గరగరమననివ్వండి. కొత్తవాళ్ళు రెండు ఆదివారాలు తడబడి మూడో ఆదివారం నేర్చుకుంటారు. మీరు లేచి సరిచేసిన ప్రతిసారీ ఆ మూడో ఆదివారం వెనక్కి జరుగుతుంది.

కొందరు ఒకటి రెండు వారాలు పాతపట్నమో టెక్కలో వెళ్ళి చుట్టాల సంఘంలో ఆరాధిస్తారు. మంచి ఉపాయమే, కాకపోతే వెళ్ళేముందు పాస్టరుగారికి చెప్పండి. చెప్పకుండా నాలుగు వారాలు కనబడకపోతే, ఎందుకు అలిగారో ఊరే ఒక కారణం కల్పిస్తుంది.

ఫోను సంగతి కాస్త కటువుగానే చెప్పాలి. ఆ ఫోన్లలో చాలా భాగం కార్యదర్శికి వచ్చినవి. లెటరు కావాలి, పెళ్ళికి హాలు కావాలి, సమాధి స్థలం ఎక్కడ అని అడిగేవాళ్ళు ఇప్పుడు కొత్త కార్యదర్శికి చేస్తున్నారు, అలాగే చెయ్యాలి కూడా. మీకోసం మీకు చేసేవాళ్ళు నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్ళకు ఈసారి మీరే చెయ్యండి.

మూడు నెలలపాటు ఏ పదవీ ఒప్పుకోకండి. ఖాళీగా ఉన్నారని తెలియగానే భవన నిర్మాణ కమిటీ అనీ, ఉజ్జీవ కూటాల కన్వీనరు అనీ వస్తారు. 'జూలై దాకా ఇంట్లోవాళ్ళకు మాటిచ్చాను' అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆ తర్వాత తీసుకున్నా, మొదలూ చివరా ఉన్న పనే తీసుకోండి. ఉదాహరణకు పాత బాప్తిస్మపు రిజిస్టర్ల ఫొటోలు తీయడం. కొత్త కార్యదర్శి అడిగితేనే సుమా. పుస్తకాన్ని ఇంటికి తేకుండా మందిరంలోనే కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో, ఒక్కో పుటకు ఒక్కో ఫొటో. పుట సంఖ్య ఫొటోలో పడాలి. పెళుసెక్కిన పుటను మూల పట్టి లాగితే విరుగుతుంది, కింద అట్టముక్క దూర్చి తిప్పాలి. పేర్ల జాబితా రాసేటప్పుడు ఊరు, జిల్లా రిజిస్టరులో ఎలా ఉంటే అలాగే దించండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడివడింది. పాత నమోదులో 'గంజాం' అని ఉన్నదాన్ని 'గజపతి' అని దిద్దితే రేపు మనవడికి కావలసిన కాగితం అసలుతో సరిపడదు.

ఒక్క హెచ్చరిక. దిగులు, నిద్రలేమి, తిండి సయించకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది అలవాటు సర్దుకోవడం కాదు, డాక్టరు చూడాలి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్ళేలోపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఇంట్లో చెప్పి ఫోన్ చెయ్యండి. ప్రార్థన చేయించుకుంటూనే మందు వాడవచ్చు, రెండింటికీ పోటీ లేదు.

ప్రశ్న: ఆరేళ్ళు ట్రెజరరుగా చేసి దిగుతున్నాను. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పగింతలో ఏ పొరపాటూ లేకుండా, తర్వాత మాట పడకుండా ఎలా? (గుణుపురం)

ట్రెజరర్లకు దిగిన తర్వాత నిద్ర పట్టకపోవడానికి సగం కారణం మనసు కాదు, సగంలో వదిలిన కాగితాలు. కాబట్టి దీనికి వివరంగానే రాస్తున్నాం.

మొదట తేదీ. ఆదివారమే పెట్టుకోండి, ఆ రోజు కానుకలు లెక్కపెట్టి క్యాష్ బుక్కులో ఎక్కించాకే గీత గీయండి. పొద్దున్నే అప్పగించేస్తే ఆ రోజు సంచి పాతవారి లెక్కలోకా, కొత్తవారి లెక్కలోకా అన్న మొదటి తగాదా అక్కడే పుడుతుంది.

చేతి నిల్వను నోట్ల వారీగా ఇద్దరు సాక్షుల ముందు లెక్కపెట్టండి. ఉదాహరణకు 500 నోట్లు 14 అంటే 7,000. 200 నోట్లు 6 అంటే 1,200. 100 నోట్లు 23 అంటే 2,300. చిల్లర 385. మొత్తం 10,885. క్యాష్ బుక్కులో 10,935 ఉందనుకోండి. యాభై తక్కువ. ఇక్కడే చాలామంది మంచివాళ్ళు తప్పు చేస్తారు, చప్పుడు చెయ్యకుండా జేబులోంచి యాభై వేసేస్తారు. వెయ్యకండి. 'తేడా 50 తక్కువ' అని రాసి అందరూ సంతకం పెట్టండి. ఆ తేడా ఏదో ఓచరు ఎక్కించకపోవడం వల్ల వచ్చి ఉంటే నెలలోపు అదే బయటపడుతుంది. జేబు డబ్బుతో పూడిస్తే అప్పుడు యాభై ఎక్కువ తేలి, దానికి జవాబు ఉండదు.

బ్యాంకు పాస్‌బుక్కు ఆ తేదీ వరకు ప్రింటు వేయించి, మీరు ఇచ్చిన చెక్కుల్లో ఇంకా సొమ్ము కానివి ఏవో జాబితా రాయండి. చెక్కు దాని మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. అయితే ఈలోపే బ్యాంకులో సంతకందారులు మారిపోతే మీ సంతకంతో ఉన్న చెక్కు వెనక్కి రావచ్చు. అందుకని మార్పు కాగితాలు ఇచ్చేముందే ఆ చెక్కులు తీసుకున్నవాళ్ళకు చెప్పి వేయించేయండి. వాడని చెక్కు కాగితాల నంబర్లు ఏదినుంచి ఏదివరకో రాసి అప్పగించండి. ఖాళీ చెక్కు మీద 'అవసరానికి ఉంటుంది' అని ముందే పెట్టిన సంతకాలు ఉంటే, నలుగురి ముందూ అడ్డంగా గీత కొట్టండి.

తీర్మానం విషయంలో మన సరిహద్దు చిక్కు ఒకటుంది. మినిట్సు బుక్కు తెలుగులో ఉంటుంది, బ్రాంచిలో చదివేవారు ఉండరు. తెలుగు తీర్మానం కింద దాని ఇంగ్లీషు ప్రతిని టైపు చేయించి, అధ్యక్షుడూ కార్యదర్శీ సంతకం, సంఘం ముద్ర వేసి ఇవ్వండి. అందులో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఎవరు దిగుతున్నారు, ఎవరు వస్తున్నారు, ఏ తేదీ నుంచి, ఖాతా ఎలా నడుస్తుంది. 'ముగ్గురిలో ఏ ఇద్దరైనా' అన్న ఆఖరి ముక్క లేకపోతే బ్యాంకు మళ్ళీ తిప్పి పంపుతుంది. కొత్తవారు పాన్, ఆధార్ అసళ్ళు, ఫొటోలు పట్టుకుని ఖాతా ఉన్న బ్రాంచికే స్వయంగా వెళ్ళాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్సు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.

సంతకం మారినంత మాత్రాన ఖాతాకు ఉన్న మొబైల్ నంబరు మారదు. దానికి వేరే ఫారం. ఇది మరిచిపోతే ఓటీపీ, మెసేజ్‌లు నెలల తరబడి మీకే వస్తుంటాయి. అర్ధరాత్రి కొత్త ట్రెజరరు ఫోన్ చేసి ఓటీపీ అడగడం, మీరు చెప్పడం మొదలైందంటే అప్పగింత జరగలేదన్నమాటే. ఆ సొమ్ములో ఎప్పుడైనా మోసం జరిగితే ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది.

ఇక స్తంభానికి అంటించిన క్యూఆర్ స్టిక్కరు. అది సంఘం ఖాతాదా, సౌకర్యం కోసం మీ సొంత ఖాతాదా? సొంతదైతే ఈ రోజే పీకేయండి. స్టిక్కరు పీకినా దాని ఫొటో కూటాల కరపత్రాల మీదా, వాట్సాప్ గ్రూపుల్లోనూ బతికే ఉంటుంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న సంఘం పిల్లలు ఏడాది తర్వాత కూడా అదే స్కాన్ చేసి దశమభాగం పంపుతారు. అలా వచ్చిన ప్రతి రూపాయీ ఆ రోజే సంఘం ఖాతాకు మళ్ళించి, ఆ లావాదేవీ నంబరు కొత్త ట్రెజరరుకు పంపండి. పంపినవారికీ కొత్త క్యూఆర్ ఇవ్వండి.

ఫిక్సెడ్ డిపాజిట్ల రసీదులు, గడువు తేదీలు, ఎవరి పేర్ల మీద ఉన్నాయో రాయండి. కరెంటు బిల్లు కన్స్యూమరు నంబరు, కరెంటు సంస్థ టి.పి.ఎస్.ఒ.డి.ఎల్.లో నమోదైన ఫోను నంబరు కూడా అప్పగింతలో భాగమే. లేకపోతే బిల్లు మెసేజ్ మీకు వస్తుంది, లైను కట్ చేసేది మాత్రం మందిరానికి. తాళాలు ఎన్నో, దేనివో దారంతో అట్టముక్కలు కట్టి ఇవ్వండి. కానుకల పెట్టె రెండో తాళంచెవి ఎవరి బీరువాలో ఉందో గుర్తు తెచ్చుకోండి, తరచూ మరిచిపోయేది అదే.

ఇదంతా ఒక జాబితాగా మూడు ప్రతులు: మీకొకటి, కొత్తవారికొకటి, మినిట్సు బుక్కులో అంటించడానికొకటి. మీ ఇంట్లో ఉంచుకోవలసింది ఆ ఒక్క కాగితమే. రక్షణ కోసమని అసలు ఓచర్లు దాచుకుంటే అనుమానానికి మీరే చోటిచ్చినట్టు. ఆడిటరు మీ కాలం గురించి అడిగితే ఒక రోజు వెళ్ళి కూర్చుని జవాబు చెప్పండి. ఆ తర్వాతి లెక్కల జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: మావారు సంఘ పెద్దగా దిగి రెండు నెలలైంది. ఇన్నాళ్ళూ ఇంట్లో లేరని బాధ, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారని బాధ. బియ్యం డబ్బా దగ్గర్నుంచి పిల్లల చదువు దాకా అన్నీ దిద్దుతున్నారు. ఏమనాలో తెలియడం లేదు. (రాయగడ)

అమ్మా, ఆయన కమిటీ ఇంటికి మారింది, అంతే. ఇన్నేళ్ళూ ఆయన లేకుండా ఇల్లు నడిపిన పద్ధతి మీది. దాన్ని వదులుకోనక్కర్లేదు. ఆయనకు సలహాదారు పని కాకుండా, పూర్తిగా ఆయనదే అయిన పని రెండో మూడో ఇవ్వండి. శనివారం సంత, గ్యాస్ బుకింగు, అత్తగారి బీపీ మాత్రలు. ఇచ్చాక మీరూ దిద్దకండి. వంకాయలు ముదురువి తెస్తే ముదురు వంకాయ కూరే వండండి.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గంటలే ఆయనకు బరువు. ఎందుకంటే ఇదివరకు ఇళ్ళ దర్శనాలకు వెళ్ళింది అప్పుడే. ఆ వేళకు ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళడం మంచిది, ప్రార్థనకే కానక్కర్లేదు. ఇంకో మాట. ఆయన పదవిలో ఉండగా మీరు పెట్టిన టీలు, వండిన భోజనాలు, ఒంటరిగా తిప్పిన ఆసుపత్రులు ఎవరూ లెక్క రాయలేదు. ఆ కోపం మీకుంటే అది న్యాయమే. ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, రోజుకొక ముక్క చొప్పున దెప్పకండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ళు సండే స్కూల్ సూపరింటెండెంటుగా చేశాను. కొత్తగా వచ్చిన అమ్మాయి తెలుగు పాటలు తగ్గించి ఒడియా పాటలు పెట్టింది. పిల్లలు ఇప్పటికీ నా దగ్గరకే వస్తున్నారు. నేను కట్టింది కూలిపోతోందనిపిస్తోంది. (బరంపురం)

పిల్లల వైపు నుంచి చూడండి. వాళ్ళు చదివేది ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం రాదు. పాట పుస్తకం చేతిలో పెడితే పెదాలు కదుపుతారంతే. ఆ అమ్మాయి చదవగలిగే లిపిలో పాట ఇచ్చింది. అది మిమ్మల్ని కాదనడం కాదు.

పిల్లలు మీ దగ్గరకు వస్తే దగ్గరకు తీసుకోండి, క్లాసు సంగతి అడిగితే మాత్రం 'మీ టీచరమ్మనడుగు' అనండి. అక్కడ ఒక్క పెదవి విరుపు చాలు, సోమవారానికి వాళ్ళ అమ్మలదాకా వెళుతుంది. వేసవి వీబీఎస్‌కు (సెలవుల బైబిలు బడికి) మిమ్మల్ని పిలిస్తే ఒక్క పని ఒప్పుకోండి, అయిదు రోజుల పథకం మాత్రం వాళ్ళనే వెయ్యనివ్వండి.

తెలుగు మీద మీకున్న బెంగ మాత్రం నిజమైనది. దానికి వేరే దారి ఉంది. శనివారం సాయంత్రం మీ ఇంట్లో అరగంట, అయిదారుగురికి మించకుండా, తెలుగు చదవడం నేర్పండి. ఆదివారం ఆ గంటలో వద్దు, పోటీ బడి అయిపోతుంది. ఒడియా వచ్చిన పిల్లలకు మొదటినుంచి నేర్పనక్కర్లేదు. క, ఖ, గ, ఘ వరస రెండింటికీ ఒకటే, గుణింతం ఆలోచన కూడా ఒకటే. కొత్తది ఆకారాలే. వాటిని వరసలో కాకుండా పోలికలో నేర్పండి: ప, ఫ, ష ఒక జట్టు, వ, మ ఒక జట్టు, న, స ఒక జట్టు. ఒక్కో శనివారం నాలుగు అక్షరాలు, వాటితో వచ్చే మాటలు.

వాళ్ళు తప్పే చోట్లు ముందే తెలుసుకుంటే మీకు విసుగు రాదు. ఒడియాలో 'అ' పలుకు 'ఒ' వైపు వాలుతుంది, అందుకే 'కల'ను 'కొలొ' అని చదువుతారు. ఒడియాలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. 'తెలుగు'ను 'తేలుగు' అంటారు, 'కొడుకు'ను 'కోడుకు' అంటారు. 'కొడి', 'కోడి' పక్కపక్కన రాసి, దీపం కొడినీ పెరట్లో కోడినీ చూపిస్తే ఒక్కసారికే పట్టుకుంటారు. వత్తులు మూడో నెలలో చెప్పండి, అంతకుముందు వద్దు. ఆ పిల్లలు ఒక తెలుగు చరణం చూసి చదివిన రోజున, ఆ అమ్మాయే వచ్చి మీ సాయం అడగవచ్చు. అడగకపోయినా నష్టం లేదు, చదువు వచ్చింది కదా.

ప్రశ్న: పదవిలో ఉండగా చాలా కుటుంబాల గొడవలు, అప్పులు నాకు చెప్పుకున్నారు. కొత్త పెద్దకు చెప్పాలా? (కోరాపుట్)

చెప్పకూడదు. వాళ్ళు మీకు చెప్పుకున్నారు, కుర్చీకి కాదు. ఇంకా నడుస్తున్న వ్యవహారమైతే ఆ కుటుంబాన్నే అడగండి: 'కొత్తాయనకు చెప్పమంటారా, మీరే చెప్తారా?' వద్దంటే అక్కడికి సరి. బీదల నిధి సాయం ఓచరులో మొత్తం, తేదీ, పుచ్చుకున్నవారి సంతకం ఉంటే చాలు, ఎందుకిచ్చారన్న కథ అప్పగించనక్కర్లేదు. మీ సొంత డైరీలో రాసుకున్న పేర్లు ఉంటే ఆ కాగితాలు కాల్చేయండి. ఫోనులోని మెసేజ్‌లు, ఫొటోలు తీసేయండి, ఫోను రేపు మనవడి చేతికి వెళుతుంది. మీ ఇంటావిడకు తెలిసినవీ ఇదే లెక్క.

ప్రశ్న: నేను కొత్త కార్యదర్శిని. పాత కార్యదర్శిగారు నాకు చిన్నాన్న వరస. రోజూ వచ్చి అన్నీ చెప్తున్నారు. కాదంటే నొచ్చుకుంటారు, అవునంటే పని సాగదు. (జయపురం)

వేళ కట్టండి. 'చిన్నాన్నా, శనివారం నాలుగింటికి మీ ఇంటికే వస్తాను, ప్రశ్నలన్నీ రాసి తెస్తాను' అనండి. ఆయన మీ దగ్గరకు రావడం కన్నా మీరు ఆయన దగ్గరకు వెళ్ళడంలో మర్యాదా ఉంది, లేచి రాగలిగే వీలూ ఉంది. ఆరు వారాలు అలా వెళ్ళండి, నిజంగానే ప్రశ్నలు పట్టుకెళ్ళండి. ఏడో వారం నుంచి నెలకొకసారి. ఆయన చేసినదాన్ని మార్చవలసి వస్తే మూడు నెలలు ఆగి, సభలో కన్నా ముందు ఆయనకే చెప్పండి. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర చూడండి: యాభై ఏళ్ళు దాటిన లేవీయులు, అంటే ప్రత్యక్ష గుడారంలో సేవ చేసే గోత్రంవాళ్ళు, సేవ మానుకోవాలి, కానీ గుడారం దగ్గర సహోదరులకు తోడుగా ఉండవచ్చు. బరువు దింపారు, వాకిలి మూయలేదు.

ప్రశ్న: మా ట్రెజరరుగారు, సండే స్కూల్ అమ్మగారు ఒకేసారి దిగుతున్నారు. సంఘం తరఫున ఏం చేస్తే బాగుంటుంది? (కాశీనగరం)

ఆరాధన ముగిశాక పావుగంట చాలు. ముగ్గురు మాట్లాడాలి, ఒక్కొక్కరు రెండు నిమిషాలు. పొగడ్త కాకుండా ఒక్కొక్కరు దిగేవారు చేసిన పని ఒకటి చెప్పాలి: 'తుఫాను రాత్రి మందిరం తలుపులు తెరిచారు' లాంటిది. తాళాలు, పుస్తకాలు అందరూ చూస్తుండగా కొత్తవారి చేతిలో పెట్టించండి. ఆ దృశ్యం చూశాక సంఘం పాతవారికి ఫోన్లు తగ్గిస్తుంది. భార్యనో భర్తనో, పిల్లలనో కూడా ముందుకు పిలవండి, శాలువా ఒక్కరికే కప్పకండి. పాస్టరుగారు దిగేవారి కోసమూ వచ్చేవారి కోసమూ ప్రార్థించాలి, ఎక్కేవాళ్ళకే చేసి ఊరుకోవడం మన సంఘాల్లో మామూలైపోయింది.

తర్వాత భోజనాలు పెట్టుకుంటే సంతోషమే. వంటవాళ్ళను మాట్లాడే పని మాత్రం అలవాటు కొద్దీ దిగేవారికే చెప్పకండి.